డిఫెండర్‌లో చూడాల్సింది ఓడను కాదు, రాడార్‌ను

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత ఆర్కేడ్ ఆటల మీద, అంటే నాణెం వేసి ఆడే యంత్రాల ఆటల మీద, వేసిన పేజీ చదివాం. బొమ్మలు ఓపిగ్గా వెతికి వేశారు, అందుకు మెచ్చుకోవాలి. కానీ ఓడ నడుపుతూ, గ్రహం మీది మనుషుల్ని శత్రువులు ఎత్తుకుపోకుండా కాపాడే ఆట డిఫెండర్ గురించి రాసిన ఆ కాసిని వాక్యాల్లో చాలా తప్పులు దొర్లాయి. ఆ ఆటను ఆడేవాళ్లం, ఆ యంత్రాలను విప్పి బాగుచేసేవాళ్లం కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాం. మీ పేజీలో చెప్పినట్టు "కనిపించినదల్లా కాల్చుకుంటూ పోతే" ఎవరికైనా మూడు ఓడలూ రెండు మూడు నిమిషాల్లో పోతాయి. ఇదేం ఆట అని విసుక్కుని లేచిపోతారు. తప్పు ఆటది కాదు.

ముందు చరిత్ర సంగతి. పక్కకు జరిగే తెర 1985లో సూపర్ మారియో బ్రదర్స్‌తో పుట్టిందని రాశారు. మారియో వచ్చింది 1985 సెప్టెంబరులో, అదీ ఇంట్లో టీవీకి తగిలించుకునే యంత్రం కోసం. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1977లో, సూపర్ బగ్ అనే కారు ఆటలో దారి కారు కింద నుంచి అన్ని వైపులకూ జరిగేది. 1980లో నామ్కో వాళ్ల ర్యాలీ ఎక్స్‌లో జరిగే తెరతో పాటు పక్కన ఒక రాడార్ కూడా ఉంది. డిఫెండర్‌ను విలియమ్స్ కంపెనీ 1980 నవంబరులో చికాగోలో జరిగిన ఆర్కేడ్ యంత్రాల ప్రదర్శనలో పెట్టి, 1981 మొదట్లో బయటికి తెచ్చింది. తయారుచేసిన జట్టుకు ముందు నడిచినవాడు యూజీన్ జార్విస్, అంతకుముందు పిన్‌బాల్ యంత్రాలకు ప్రోగ్రాములు రాసినవాడు. లారీ డిమార్, శామ్ డికర్, పాల్ డస్సాల్ట్ అతనితో పనిచేశారు. 1981లోనే కొనామీ వాళ్ల స్క్రాంబుల్, మరుసటి ఏడాది ఐరెం వాళ్ల మూన్ పెట్రోల్ వచ్చాయి. కాబట్టి మారియో నాటికే ఈ పద్ధతి బాగా నలిగింది.

ఎవరు ముందు అన్నది మాకు అంత పెద్ద విషయం కాదు. మొదటి మారియోలో తెర ముందుకే జరుగుతుంది, వెనక్కి రాదు. దాటేసిన చోటుతో ఇక పని లేదు. స్క్రాంబుల్‌లోనూ అంతే, నేల దానంతటదే కుడి నుంచి ఎడమకు వచ్చి పోతూ ఉంటుంది. డిఫెండర్‌లో మాత్రం తెర రెండు వైపులా తిరుగుతుంది. ఒకే దిక్కున పోతూ ఉంటే గ్రహమంతా చుట్టి బయల్దేరిన చోటికే వస్తారు. మీరు ఒక మూల ఉన్నప్పుడు మిగతా మూలల్లో ఆట ఆగిపోదు. అక్కడ మీకు కనబడకుండా మనుషుల్ని ఎత్తుకుపోతుంటారు. తెర జరగడం ఇక్కడ అలంకారం కాదు, మీ కంటికి ఆనని చోటుకు కూడా మిమ్మల్నే జవాబుదారీ చేయడం. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా ఆటంతా దాని వెంటే వస్తుంది.

కొత్తగా ఆడేవాళ్ల కళ్లు సహజంగా ఓడ మీదే ఉంటాయి. అలవాటు పడినవాళ్ల కళ్లు తెర పైభాగంలో ఉన్న రాడార్ మీద ఉంటాయి, ఓడను కంటి కొసతో చూస్తారు. ఆ చిన్న పట్టీలో గ్రహం మొత్తం కనిపిస్తుంది. మధ్యలో గుర్తులు పెట్టి ఉన్న ముక్క మీకు ప్రస్తుతం కింద పెద్దగా కనిపిస్తున్న చోటు. నేల మీద చుక్కలు మనుషులు, పైన తిరిగే చుక్కలు శత్రువులు. ఒక చుక్క నేల దాకా దిగి, అక్కడున్న చుక్కతో కలిసి, రెండూ జంటగా నిట్టనిలువుగా పైకి లేవడం మొదలుపెడితే ఒక మనిషిని ఎత్తుకుపోతున్నారన్నమాట. ఆ క్షణంలో మీ ముందు ఎంత మంచి గురి ఉన్నా వదిలేసి అటు పరిగెత్తాలి. పట్టుకున్నప్పుడు ఒక ప్రత్యేకమైన శబ్దం కూడా వస్తుంది. శబ్దం తగ్గించి ఆడేవాళ్లు ఆ హెచ్చరికను చేజేతులా పోగొట్టుకుంటారు.

ఎత్తుకుపోయే శత్రువు పేరు ల్యాండర్. ఆట మొదట్లో నేల మీద 10 మంది మనుషులుంటారు. శత్రువులు విడతలుగా వస్తారు, ఒక్కో విడతను వేవ్ అంటారు. మొదటి వేవ్‌లో ల్యాండర్లు 15, ఒకేసారి కాకుండా ఐదేసి చొప్పున దిగుతాయి. ఒక్కొక్కటి నేలకు దగ్గరగా పక్కకు జరుగుతూ, కింద మనిషి తగలగానే పట్టుకుని మెల్లగా పైకి పోతుంది. తెర పై అంచు చేరిందా, ఆ మనిషి పోయినట్టే. ల్యాండర్ అక్కడే మ్యూటెంట్‌గా మారి మీ మీదికి దూకుతుంది. అంటే కాపాడలేకపోయిన ప్రతి మనిషికీ రెండు నష్టాలు: ఒక మనిషి తగ్గాడు, ఒక నెమ్మది శత్రువు పోయి వేగంగా మీద పడే శత్రువు వచ్చింది.

కాపాడే విధానం మీ పేజీలో "ల్యాండర్‌ను కాల్చేస్తే సరి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అక్కడే అందరూ దెబ్బతింటారు. మనిషి ల్యాండర్‌కు సరిగ్గా కింద వేలాడుతూ ఉంటాడు. మీ లేజర్ అడ్డంగా సన్నని గీతలా పోతుంది. దానికి శత్రువు ఎవరో, మనిషి ఎవరో తేడా లేదు. కాస్త కిందికి కాల్చారంటే కంచే చేను మేసినట్టు మీ చేత్తోనే మనిషి చస్తాడు. కాబట్టి ల్యాండర్ పైసగానికి ఓడ ముక్కును సరిచేసుకుని కాల్చాలి. బారుగా కాల్చుకుంటూ వెళ్లకుండా ఒకటి రెండు గుండ్లతో సరిపెట్టాలి. ల్యాండర్ పగలగానే మనిషి కిందికి పడడం మొదలుపెడతాడు. తక్కువ ఎత్తు నుంచి పడితే తనంతట తానే క్షేమంగా దిగుతాడు, మీకు 250 పాయింట్లు. ఎత్తు నుంచి పడితే నేలకు కొట్టుకుని చనిపోతాడు. ఆ లోపు ఓడతో వెళ్లి అతన్ని తాకాలి, తాకగానే ఓడకు అంటుకుని వేలాడుతాడు. అందుకు 500. ఆ తర్వాత ఓడను నేల దాకా దించితే దిగిపోతాడు, మరో 500.

పడుతున్న మనిషిని అందుకోవడంలో ఎక్కువమంది చేసే పొరపాటు అతని వెంట పైనుంచి కిందికి దిగడం. మొదట్లో మెల్లగా పడతాడు గానీ పడేకొద్దీ వేగం పెరుగుతుంది, లీవర్ కిందికి నొక్కినా అందడు. కాల్చిన వెంటనే లీవర్ కిందికి నొక్కి, అతనికంటే ముందే కిందికి చేరి, అడ్డంగా అతని దారిలోకి రావాలి. అంటే కాల్చే ముందే ఎటు దిగాలో అనుకుని ఉండాలి. మనిషి మరీ పై అంచుకు దగ్గర్లో ఉంటే మాత్రం ఆలోచించడానికి వ్యవధి ఉండదు, ఏ కోణంలోనైనా కాల్చేయాల్సిందే.

పాయింట్ల లెక్క చూస్తే ఆట మీ నుంచి ఏం ఆశిస్తుందో తెలుస్తుంది. ల్యాండర్‌ను కొడితే 150. అదే ల్యాండర్ మనిషిని ఎత్తుకున్నాక కొట్టి, మనిషిని పట్టి, దించితే మొత్తం 1150. పైగా వేవ్ ముగిసినప్పుడు బతికి ఉన్న ప్రతి మనిషికీ బోనస్ ఉంటుంది. మొదటి వేవ్‌లో తలకు 100, రెండో వేవ్‌లో 200, అలా ఐదో వేవ్ నుంచి తలకు 500, అక్కడితో ఆగుతుంది. పది మందీ మిగిలితే ఐదో వేవ్ చివర 5000 వస్తుంది. మామూలు అమరికలో ప్రతి 10,000 పాయింట్లకు ఒక ఓడ, తెరమీది శత్రువులందర్నీ ఒకేసారి చంపే స్మార్ట్ బాంబ్ ఒకటి అదనంగా ఇస్తారు. అంటే పది మందినీ నిలబెట్టినవాడికి సగం ఓడ ఊరికే వచ్చినట్టు. అందుకే మా దృష్టిలో ఇది కాల్చే ఆట కంటే కాపలా ఆట. కాల్చడం అందులో ఒక పని మాత్రమే. ఆశ పుట్టి, ల్యాండర్ ఎత్తుకునేదాకా కావాలనే ఆగి కొట్టేవాళ్లూ ఉన్నారు. మొదటి రెండు వేవ్‌లలో చెల్లుతుంది, ఆ తర్వాత చెల్లదు.

రెండో వేవ్ నుంచి బాంబర్లు, పాడ్‌లు చేరతాయి. బాంబర్ కాల్చదు గానీ పోయిన దారిలో మందుపాతరలు వదులుతుంది. దాని వెనక పడితే మీరే వెళ్లి వాటికి తగులుకుంటారు. ఎదురుగా గానీ, పై నుంచో కింద నుంచో దాని ఎత్తుకు వచ్చి గానీ కొట్టాలి, 250 వస్తుంది. పాడ్ మెల్లగా తేలుతూ ఉంటుంది, కొడితే 1000. మీ పట్టికలో 100 అని పడింది, అచ్చుతప్పు అనుకుంటున్నాం. లేజర్‌తో పాడ్‌ను పగలగొడితే లోపలి నుంచి స్వార్మర్లు చిమ్ముకొస్తాయి. ఒక్కొక్కటి 150. చిన్నవి, గుంపుగా ఊగుతూ వస్తాయి. ఎదురుగా నిలబడి వాటిని ఏరివేద్దామనుకుంటే మిగలరు. వాటి గుంపును దాటుకుని అవతలికి వెళ్లిపోయి, వెనక నుంచి తరమాలి. అవి వెంటనే వెనక్కి తిరగవు, వెనక్కి కాల్చవు. పాడ్‌లు రెండు మూడు ఒకేచోట కనిపించినప్పుడు స్మార్ట్ బాంబ్ వాడితే దానికి సరైన విలువ వచ్చినట్టు. ఈ బాంబ్ కింద పెద్ద తెరలో కనిపిస్తున్న శత్రువుల్నే చంపుతుంది, రాడార్‌లో మాత్రమే కనిపించేవాటిని ముట్టుకోదు. ఆట మొదట్లో చేతిలో ఉండేవి మూడే.

ఒక వేవ్‌లో ఎక్కువసేపు గడిపితే బెయిటర్లు వస్తాయి. చదునుగా పళ్లెంలా ఉంటాయి, మీ ఓడ కంటే చురుకు, గురి బాగా కుదురుతుంది. కొడితే 200 వస్తుంది గానీ వాటితో పంతానికి పోకూడదు. వేవ్ ముగియడానికి అవి చావనక్కర్లేదు, మిగతావి పోతే చాలు. చివరి ఒకటి రెండు ల్యాండర్లను వదిలేసి తిరుగుతూ కూర్చునేవాళ్ల మీదికి ఈ బెయిటర్లను తోలడం తయారుచేసినవాళ్ల గడుసుతనం. మ్యూటెంట్లు 150 పాయింట్లవే, అయితే వణుకుతూ, దారి మారుస్తూ నేరుగా మీదికొస్తాయి. వాటికి ఎదురు నిలవకుండా ముందు దూరం తీసుకుని, వెనక్కి తిరిగి, వరుసగా కాల్చడం మేలు.

ఇక మీటల సంగతి. "జాయ్‌స్టిక్‌ను కుడి ఎడమలకు తిప్పుతూ" అని మీరు రాశారు. అసలు యంత్రంలో లీవర్ పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది. పక్కకు పోవడానికి థ్రస్ట్ అనే బటన్, ముఖం తిప్పడానికి రివర్స్ అనే బటన్ వేరుగా ఉన్నాయి. ఫైర్, స్మార్ట్ బాంబ్, హైపర్‌స్పేస్ కలిపితే మొత్తం ఐదు బటన్లు. లీవర్, రివర్స్ ఎడమ చేతి వైపు, ఫైర్, థ్రస్ట్, స్మార్ట్ బాంబ్ కుడి చేతి వైపు, మధ్యలో హైపర్‌స్పేస్. ఇన్ని బటన్లెందుకని కొత్తవాళ్లు నవ్వుతారు గానీ అందులో ఒక సుఖం ఉంది. థ్రస్ట్ వదిలేసినా ఓడ వెంటనే ఆగదు, కొంత దూరం జారుతుంది. ఆ జారుడులో రివర్స్ కొడితే ముఖం తిరుగుతుంది కానీ ఓడ మునుపటి దిక్కుకే పోతూ ఉంటుంది. అంటే పారిపోతూనే వెనక తరుముతున్నవాటి మీద కాల్చవచ్చు. మ్యూటెంట్ల మీద మేం చెప్పిన ఉపాయం ఇలాగే కుదురుతుంది. దిక్కు మార్చడం, వేగం పెంచడం రెండూ ఒకే కర్రకు కట్టేస్తే ఇది పోతుంది.

రివర్స్ కొట్టినప్పుడు ఇంకొకటి జరుగుతుంది. ఓడ ఎప్పుడూ తెరకు ఒక వైపున ఉండి, ముందు ఎక్కువ చోటు కనబడేలా ఉంటుంది. ముఖం తిప్పగానే తెర జరిగి ఓడ అవతలి వైపుకు చేరుతుంది. ఆ జరిగే క్షణంలో రెండు వైపులా చూపు చెదురుతుంది. పక్కనే శత్రువు ఉన్నప్పుడు రివర్స్‌ను టకటకా రెండు మూడుసార్లు కొట్టడం చావుకు దగ్గరి దారి. పూర్తి వేగంతో పోవడమూ అంతే, తెర అంచున శత్రువు కనబడిన మరుక్షణం ఢీకొంటారు. వేగంగా పోవాలంటే ముందు రాడార్‌లో ఆ దారిలో ఏ ఎత్తులో ఏముందో చూసి, ఖాళీ ఎత్తుకు ఓడను చేర్చి, అప్పుడు థ్రస్ట్ నొక్కాలి. హైపర్‌స్పేస్ ఓడను మాయం చేసి ఏదో ఒక చోట తేలుస్తుంది. తేలేటప్పుడు పేలిపోయే ప్రమాదం కూడా ఉంది. ఎటూ తప్పించుకోలేని స్థితిలోనే దాన్ని ముట్టుకోవాలి.

పది మందీ పోతే ఆట అయిపోతుందని రాశారు. అవ్వదు. గ్రహం పేలిపోతుంది, నేల గీత మాయమవుతుంది, మిగిలిన ల్యాండర్లన్నీ మ్యూటెంట్లవుతాయి. ఓడలు ఉన్నంతసేపు ఆ ఖాళీ ఆకాశంలో ఆడాల్సిందే. ప్రతి ఐదో వేవ్‌కు గ్రహం, మనుషులు తిరిగొస్తారు. కాబట్టి నాలుగో వేవ్‌లో గ్రహం పోయినవాడికి ఆశ ఉంది, ఒక్క వేవ్ ఓర్చుకోవాలి. ఆరో వేవ్‌లో పోగొట్టుకున్నవాడి పని కష్టం, పదో వేవ్ దాకా మ్యూటెంట్ల మధ్యే. అందుకే బాగా ఆడేవాళ్లు చివరి ఒక్క మనిషినైనా పోనివ్వరు. ఆ ఒక్కడు ఉన్నంతవరకూ నేల నిలుస్తుంది, ల్యాండర్లు ల్యాండర్లుగానే వస్తాయి. అతన్ని ఓడకు వేలాడదీసుకుని తిరగడం తెలిసిన పద్ధతే, ఓడ మీద ఉన్నవాణ్ని ల్యాండర్ పట్టుకోలేదు.

"కొండలకు తగిలితే ఓడ పేలుతుంది" అన్నది కూడా నిజం కాదు. డిఫెండర్‌లో కొండలు గీసిన గీత మాత్రమే, దాంట్లోంచి దూసుకుపోవచ్చు. మీరు స్క్రాంబుల్‌తో కలిపేసి ఉంటారు. అక్కడ నేల, కప్పు, గోడ ఏది తగిలినా ఓడ పోతుంది. స్క్రాంబుల్ ఆట వేరు: లీవర్ ఎనిమిది దిక్కులకూ తిరుగుతుంది, ముందుకు కాల్చే బటన్ ఒకటి, బాంబులు వేసే బటన్ ఒకటి. ఇంధనం తగ్గుతూ పోతుంది, నేల మీద ఇంధన ట్యాంకులను పేలిస్తేనే నిండుతుంది. ట్యాంకును పేలిస్తే మనకు ఇంధనం ఎలా వస్తుందని అడక్కండి, ఆటల్లో అలాగే ఉంటుంది. నేల మీద ఉన్న రాకెట్‌కు 50, ఎగిరిన రాకెట్‌కు 80, ట్యాంకుకు 150. మొదట కొండలు, తర్వాత పళ్లేల్లాంటి ఓడలు, ఆపైన కాల్చినా చావని నిప్పుగోళాలు, ఎత్తైన కట్టడాలు, ఇరుకు సందులు, చివరికి శత్రు స్థావరం, మొత్తం ఆరు భాగాలు. బాంబు నేరుగా కిందికి పడదు, ముందుకు వంపు తిరిగి పడుతుంది కాబట్టి ట్యాంకు ఓడ కిందికి రాకముందే వేయాలి. ఆ ఆటలో రాడార్ అవసరం లేదు, వచ్చేదంతా కుడివైపు నుంచే వస్తుంది. రెండు ఆటలకూ తేడా అదే.

ఇంట్లో ఆడదామనుకునేవాళ్లకు మీరు చెప్పిన, అటారీ 2600 అనే ఇంటి యంత్రం కోసం చేసిన రూపం గురించి ఒక మాట. దానికి ఒకే కర్ర, ఒకే బటన్. అందుకని స్మార్ట్ బాంబ్ వేయాలంటే ఓడను కింద ఉన్న పట్నం కంటే దిగువకు తీసుకెళ్లి ఫైర్ నొక్కాలి, హైపర్‌స్పేస్‌కు తెర పైఅంచుకు పోయి నొక్కాలి. కాల్చినప్పుడల్లా ఓడ కనబడకుండా పోతుంది, ఆ క్షణం దాన్ని ఏదీ తాకదు. చేతనైనంతలో బాగానే చేశారు గానీ దాన్ని ఆడి డిఫెండర్ ఇంతేనా అనుకోకూడదు.

ఎమ్యులేటర్‌లో, అంటే పాత యంత్రాన్ని కంప్యూటర్ మీద అనుకరించే ప్రోగ్రాములో, అసలు ఆటను ఆడేవాళ్లు ముందు మీటలు సరిచేసుకోవాలి. కీబోర్డు మీద మూడు నాలుగు మీటలు ఒకేసారి నొక్కితే చాలా కీబోర్డుల్లో ఒకటి అందదు. పైకి పోతూ, థ్రస్ట్ నొక్కి, కాల్చుతూ రివర్స్ కొట్టినప్పుడు రివర్స్ పనిచేయలేదంటే కారణం ఇదే. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మీటలకు సాధారణంగా ఈ ఇబ్బంది ఉండదు కాబట్టి థ్రస్ట్, ఫైర్ వాటికి పెట్టుకోండి. షిఫ్ట్‌కు ఫైర్ పెడితే మాత్రం, ఐదుసార్లు వరుసగా నొక్కగానే విండోస్‌లో స్టిక్కీ కీస్ అనే పెట్టె ఎగిరి వచ్చి ఆట మీద కూర్చుంటుంది. ఆ సదుపాయాన్ని ముందే సెట్టింగుల్లో ఆపేయాలి. గేమ్‌ప్యాడ్ అయితే కర్రకు పైకీ కిందికీ మాత్రమే ఉంచి, రివర్స్‌ను ఎడమ భుజం బటన్‌కు, థ్రస్ట్‌ను కుడి భుజం బటన్‌కు ఇవ్వండి. హైపర్‌స్పేస్‌ను వేలు పొరపాటున పడని చోట పెట్టండి.

తెర విషయంలో రెండు జాగ్రత్తలు. అసలు ఆట నాలుగుకు మూడు వెడల్పు తెరది, కనిపించేది 292 చుక్కల వెడల్పు, 240 గీతల ఎత్తు. దాన్ని ఇప్పటి వెడల్పు టీవీ నిండా సాగదీస్తే పక్కకు పోయే వేగం ఎక్కువైనట్టు, పైకీ కిందికీ తక్కువైనట్టు కనిపించి అంచనాలు తప్పుతాయి. 1080 గీతల తెర మీద 240ని నాలుగింతలు చేసి 960 దగ్గర ఆపడం మంచిది, వెడల్పు 1280. బొమ్మను నునుపు చేసే ఫిల్టర్‌ను తీసేయండి. రాడార్‌లో మనిషి అంటే చిటికెడు చుక్క. నునుపు చేస్తే ఆ చుక్క వెలిసిపోయి నేలగీతలో కలిసిపోతుంది. టీవీలో గేమ్ మోడ్ పెట్టకపోతే బటన్ నొక్కినప్పటికీ ఓడ కదిలినప్పటికీ మధ్య ఆలస్యం వస్తుంది. ఈ ఆటలో అంత ఆలస్యం చాలు చావడానికి.

చివరగా, పాత యంత్రం దొరికితే ప్లగ్ పెట్టి ఆడుకోవడమే అన్నారు. దయచేసి ఎవరూ అలా చేయకండి. డిఫెండర్ సీపీయూ బోర్డు మీద మూడు పెన్సిల్ బ్యాటరీలు ఉంటాయి. స్కోర్లు, అమరికలు గుర్తుంచుకునేది వాటి బలంతోనే. ఏళ్ల తరబడి వదిలేస్తే అవి కారి, ఆ రసం బోర్డు మీద రాగి గీతల్ని తినేస్తుంది. మా చేతికి వచ్చే బోర్డుల్లో ఎక్కువ చెడేది ఇక్కడే. ముందు బ్యాటరీలు తీసి, పచ్చగా పట్టినదాన్ని పలచటి వెనిగర్‌తో తుడిచి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. గీత తెగినచోట సన్నని తీగ అతకాలి. కొత్త బ్యాటరీలను బోర్డు మీద కాకుండా ఒక చిన్న పెట్టెలో పెట్టి, తీగలతో దూరంగా వేలాడదీయండి.

తర్వాత చూడాల్సింది విద్యుత్తు. ఈ యంత్రంలో 4116 అనే ర్యామ్ చిప్‌లు 24 ఉంటాయి. వాటికి ప్లస్ 12, ప్లస్ 5, మైనస్ 5 వోల్టులు మూడూ కావాలి. మైనస్ 5 రాకుండా మిగతా రెండూ వస్తే చిప్‌లు వేడెక్కి కాలిపోతాయి. కాబట్టి పవర్ సప్లై తీగను బోర్డు నుంచి పీకి, మీటర్‌తో మూడు వోల్టేజీలూ చూసుకున్నాకే మళ్లీ తగిలించాలి. అన్నీ సరిగా ఉంటే రంగుల గజిబిజితో కాసేపు ర్యామ్ పరీక్ష చేసుకుని, యూనిట్ బాగానే ఉందని తెర మీద ఇంగ్లీషులో చూపిస్తుంది. ఆ మాట రాకుండా గజిబిజి దగ్గరే ఆగిపోతే ర్యామ్ గానీ, బోర్డుల మధ్య కనెక్టర్లు గానీ అనుమానించాలి. చాలాసార్లు కనెక్టర్లను తీసి, శుభ్రం చేసి, గట్టిగా నొక్కితేనే లేస్తుంది. కొత్త ర్యామ్ కొనే ముందు ఆ పని చేసి చూడండి. వెనక ఉన్న పిక్చర్ ట్యూబులో ప్లగ్ తీశాక కూడా వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. దాన్ని ఖాళీ చేయడం తెలియనివాళ్లు ఆ వైపు చెయ్యి పెట్టకూడదు.

బటన్లు పనిచేయకపోతే వెంటనే మార్చేయాల్సిన పని లేదు. లోపల ఉన్నవి రెండు రేకులు తాకే స్విచ్‌లు. మందపాటి కాగితం ముక్కను ఆల్కహాల్‌లో తడిపి రేకుల మధ్య పెట్టి, నొక్కి లాగితే మురికి వచ్చేస్తుంది. ఆకురాయి, గరుకు కాగితం వాడొద్దు, పైపూత పోతే ఆ స్విచ్ ఇక నమ్మకంగా ఉండదు. రేకుల మధ్య ఎడం ఎక్కువైతే ఫైర్ బటన్ లోతుగా నొక్కాల్సి వస్తుంది, త్వరత్వరగా కాల్చలేరు. కొద్దిగా వంచి కాగితం మందం ఎడం ఉంచితే చాలు.

స్కోరు గురించి మీరు రాసిన "పది లక్షలు దాటితే యంత్రం ఆగిపోతుంది" అన్నదాన్నీ సరిదిద్దాలి. ఆగదు, ఆరు అంకెలే చోటు కాబట్టి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. తమాషా అంతకు ముందే జరుగుతుంది. 9,90,000 దాటాక తర్వాతి అదనపు ఓడ ఇవ్వాల్సింది 10,00,000 దగ్గర. ఆ సంఖ్య ఆరు అంకెల్లో పట్టక సున్నాగా మిగులుతుంది. సున్నా కంటే మీ స్కోరు ఎప్పుడూ ఎక్కువే కదా, అందుకని అక్కడి నుంచి పది లక్షలు చేరేదాకా కొట్టిన ప్రతి శత్రువుకూ ఒక ఓడ, ఒక స్మార్ట్ బాంబ్ వచ్చి పడుతుంటాయి. అక్కడిదాకా చేరినవాళ్లు ఆ చివరి పది వేల పాయింట్లలో పాడ్‌ల జోలికి పోరు. తక్కువ పాయింట్లిచ్చే ల్యాండర్లను ఒక్కొక్కటే కొడుతూ ఓడలు కూడబెట్టుకుంటారు.

వచ్చే సంచికలో సవరణ వేస్తే ఈ మూడూ తప్పక ఉండేలా చూడండి: పాడ్‌కు 1000, కొండలకు తగిలితే ప్రమాదం లేదు, లీవర్ పైకీ కిందికీ మాత్రమే.

ఇట్లు,
పాత ఆర్కేడ్ యంత్రాలు ఆడుతూ, బాగుచేస్తూ ఉండే కొందరు పాఠకులు